క్లెయిమింగ్ గుర్రం కొనే ముందు చదవాల్సిన పేజీ: డైలీ రేసింగ్ ఫామ్‌పై ఒక పశువైద్యురాలి రివ్యూ

అమెరికా గుర్రప్పందేల పత్రిక డైలీ రేసింగ్ ఫామ్ ఒక్కో గుర్రం పాత పరుగుల లెక్కను ఒక పేజీగా అమ్ముతుంది. ఏ గుర్రాన్ని వదిలేయాలో ఈ పేజీ చెప్పినంత బాగా ఏ మనిషీ చెప్పడు. ఏది కొనాలో మాత్రం చెప్పదు. ఈ తేడా మనసులో పెట్టుకుని కొంటే ఇది ప్రతి పైసాకీ తగిన సరుకు. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను.

మా అక్క కొడుకు కెంటకీలో ఉంటాడు. ఆఫీసులో పరిచయమైన ముగ్గురు తెలుగు కుర్రాళ్లతో కలిసి, ఒక ట్రైనర్ని మాట్లాడుకుని, రేసు గుర్రం కొనాలని పట్టుదలగా ఉన్నాడు. వాళ్లు చూసేవి వేలంలో లక్షల డాలర్లు పలికే గుర్రాలు కావు, పదివేల డాలర్ల క్లెయిమింగ్ రేసులో పరిగెత్తేవి. నేను పశుసంవర్ధక శాఖలో డాక్టరుగా చేసి రిటైరయ్యాను, ఉండేది పెదవాల్తేరులో. పందెం కాయను, కాసేవాళ్లకు సలహా కూడా ఇవ్వను. కానీ గుర్రం కాళ్ల గురించి అడిగితే మాత్రం కాదనలేను. అందుకే వాడు రాత్రిపూట ఫోన్ చేసి "పిన్నీ, ఒకటి పంపాను చూడు. క్లెయిమ్ చెయ్యమంటావా, వద్దంటావా?" అంటాడు. పొద్దున్నే ఆ పీడీఎఫ్ జిరాక్స్ షాపులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

మన మలక్‌పేట రేసుల్లో గుర్రాలను రేటింగును బట్టి క్లాసులుగా విడదీస్తారు. అమెరికాలో దాదాపు సగం పందేల్లో ఆ పని ధర చేస్తుంది. పదివేల డాలర్ల క్లెయిమింగ్ రేసంటే, అందులో దిగిన ప్రతి గుర్రమూ ఆ ధరకు అమ్మకానికి ఉన్నట్టే. లైసెన్సున్న వాళ్లెవరైనా ముందుగా డబ్బు జమచేసి, రేసు మొదలయ్యే ముందు, చాలాచోట్ల పావుగంట ముందు వరకు, చీటీ రాసి పెట్టెలో వేయవచ్చు. గుర్రం పేరులో ఒక అక్షరం తప్పినా చీటీ చెల్లకపోవచ్చు. ఒకే గుర్రానికి ఇద్దరు ముగ్గురు చీటీ వేస్తే లాటరీ తీస్తారు. గేటు తెరుచుకున్న క్షణం నుంచి గుర్రం కొత్తవాడిది. ఆ రేసులో గెలిచిన డబ్బు మాత్రం పాతవాడిదే. మంచి గుర్రాన్ని తక్కువ ధరకు దింపి సులువుగా గెలుద్దామనుకునేవాడికి, ఎవడో ఎగరేసుకుపోతాడన్న భయం ఉంటుంది. ఆ భయమే పందేన్ని సమానంగా ఉంచుతుంది. ఈ ఏర్పాటు ఎవరికి తట్టిందో గానీ చాలా తెలివైనది.

అయితే కొనేవాడి వైపు నుంచి చూడండి. సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నా ఒక రౌండు తిప్పి చూసుకోనిస్తారు. ఇక్కడ గుర్రం కాలు ముట్టుకోనివ్వరు, ఎక్స్‌రే తీయనివ్వరు, పాత వైద్యుడు ఏ మందు వేశాడో చెప్పరు. రేసుకు ముందు పాడక్‌లో తిప్పేటప్పుడు కంచె ఇవతల నుంచి చూడాల్సిందే, పెట్టె మూసేలోపు అందుకు దొరికేది కొద్ది నిమిషాలే. కాబట్టి నిర్ణయంలో ముప్పాతిక వంతు ముందురోజు రాత్రే కాగితం మీద జరిగిపోవాలి. ఆ కాగితమే డైలీ రేసింగ్ ఫామ్ వాళ్ల పాస్ట్ పెర్ఫార్మెన్స్ పేజీ. 1894 నుంచీ నడుస్తున్న పత్రిక అది.

మొదటిసారి చూసినవాళ్లకు అంకెల చీమలబారులా ఉంటుంది. ఒక్కో గుర్రానికీ ఒక పెట్టె. పైన వయసు, రంగు, తల్లి, తండ్రి, యజమాని, ట్రైనర్, మొత్తం పరుగులు, గెలుపులు, సంపాదన. కింద ఒక్కో రేసుకు ఒక్కో వరుస, కొత్తది పైన. ఆ వరుసలో తేదీ, ట్రాకు, దూరం, నేల తడో పొడో, ఏ ధర రేసు, ఏ మలుపు దగ్గర ఎన్నో స్థానంలో ఉంది, జాకీ, బరువు, లేసిక్స్ (ఊపిరితిత్తుల్లో రక్తం కారకుండా ఇచ్చే మందు) వేశారా, కళ్లకు గంతలు కట్టారా, ముందుకాళ్లకు పట్టీలు చుట్టారా, చివర్లో రెండు మూడు మాటల వ్యాఖ్య. అన్నిటికన్నా కింద ఉదయపు ప్రాక్టీసు పరుగుల టైములు.

మధ్యలో ముద్దగా అచ్చేసిన అంకె బేయర్ స్పీడ్ ఫిగర్. వాషింగ్టన్ పోస్టులో రేసింగ్ కాలమ్ రాసిన ఆండ్రూ బేయర్ లెక్క అది, 1992 నుంచీ ఈ పత్రికలో వస్తోంది. ఉత్త టైము చూస్తే ఏమీ తెలియదు. ఒకరోజు నేల గట్టిగా ఉండి అన్నీ వేగంగా పరిగెడతాయి, ఇంకోరోజు బరువెక్కి అన్నీ ఈడ్చుకుంటూ వస్తాయి. ఆ రోజు ట్రాకు ఎంత వేగంగా ఉందో, దూరమెంతో లెక్కలోకి తీసుకుని ఇచ్చే అంకె కాబట్టి, ఒక ఊళ్లో పరిగెత్తిన గుర్రాన్ని ఇంకో ఊళ్లో పరిగెత్తినదానితో పోల్చవచ్చు. మావాడూ వాడి స్నేహితులూ ముందుగా ఈ అంకె మీదే పడతారు. నేను చివర్న చూస్తాను. గుర్రం ఒకప్పుడు ఎంత పరిగెత్తగలిగిందో అది చెబుతుంది. నాకు కావలసింది ఈ రోజు దాని కాళ్ల కథ.

ఒక గుర్రం పేజీ చూపిస్తేనే ఈ సరుకు విలువ తెలుస్తుంది. దాని పేరు చెప్పను. ఐదేళ్ల మగ గుర్రం, విత్తు కొట్టించినది, 31 పరుగులు, 6 గెలుపులు. పదివేల రేసులో దింపారు. మావాడు ఎంత సంబరపడ్డాడంటే, మెసేజ్ నిండా గుర్రం బొమ్మలే. "పిన్నీ, ఈ రేసులో దీని దగ్గరకొచ్చే గుర్రమే లేదు. 84 బేయర్! మిగతా వాటికి 70 దాటలేదు."

నిజమే, 84 ఉంది. పాతిక వేల రేసు గెలిచిన రోజుది. దాని తరువాత ఇరవై వేల రేసులో మూడో స్థానం, 79. ఆ పైన పదహారు వేల రేసులో రెండో స్థానం, 77. అదే వరుసలో ధర ముందు చిన్నగా ఒక ‘సి’ అక్షరం ఉంది, అంటే ఆ రోజు దాన్ని ఎవరో క్లెయిమ్ చేశారని. దాని పైన ఒక అడ్డగీత. చాలాకాలం పరిగెత్తకపోతే అలా గీత గీస్తారు. తేదీలు తీసివేసి చూస్తే 94 రోజులు. తిరిగొచ్చాక మళ్లీ పదహారు వేల రేసు, ఐదో స్థానం, 66. ఇప్పుడు 18 రోజులకే పదివేలకు దింపారు.

నేను ఎర్ర పెన్నుతో ఆ గీతను ఇంకా లావుగా గీశాను. పదహారు వేలు పెట్టి కొన్నవాడు మామూలుగా నెల తిరక్కుండా పరిగెత్తించి డబ్బు రాబట్టుకోవాలని చూస్తాడు. మూడు నెలలు కూర్చోబెట్టాడంటే అతని ఇష్టంతో జరిగింది కాదు. ఏదో ఒకటి వేడెక్కింది, వాచింది, చిట్లింది. పోనీ అనారోగ్యమే అనుకుందాం. తగ్గి వచ్చాక మళ్లీ పరిగెత్తింది, ఐదో స్థానం. గుర్రం మీద నమ్మకమున్నవాడు ఇంకోసారి పదహారు వేలకే పెడతాడు, విరామం తరువాత మొదటి పరుగులో వెనకబడటం మామూలేనని ట్రైనర్లందరికీ తెలుసు. ఇతను ఒక్క పరుగుకే ఆరువేలు తగ్గించాడు. కొన్న ధర, నాలుగు నెలల మేపు ఖర్చు కలిపితే పాతిక వేల పైచిలుకు అతని చేతిలోంచి పోయింది. దాన్ని పదివేలకు తీసుకెళ్లండి అంటున్నాడు. ఎందుకంటున్నాడు?

ఈ ప్రశ్న ఒక్కటే నేను మావాడికి పదేపదే చెప్పేది. వేగం ఎంత, తండ్రి ఎవరు, జాకీ ఎవరు అన్నవి తరువాత. ఈ ధరకు, ఈ రోజు, ఇతను ఎందుకు వదులుకుంటున్నాడు?

జవాబు ఎప్పుడూ కుంటే కానక్కర్లేదు, అది కూడా న్యాయంగా చెప్పాలి. కొందరు ట్రైనర్లు ధైర్యం చేసి దింపుతారు. ‘అంత దించితే అందరూ అనుమానపడి ముట్టుకోరు, గెలుపు డబ్బు మనది’ అని. కొందరికి కొట్టంలో చోటు చాలదు. భాగస్వాములు విడిపోయి అమ్ముకునేవాళ్లూ ఉంటారు. అందుకే ధర ఒక్కటి చూసి తీర్పు చెప్పను. పేజీలో ఇంకో రెండు సాక్ష్యాలు దొరకాలి.

ఈ గుర్రానికి రెండూ దొరికాయి. బరువు అంకె పక్కన ‘ఎఫ్’ అక్షరం కిందటి రేసులో కొత్తగా వచ్చింది, ముందుకాళ్లకు పట్టీలని అర్థం. అంతకుముందు ఏ వరుసలోనూ లేదు. పట్టీ కట్టినంత మాత్రాన రోగమని కాదు, ఎప్పుడూ కట్టేవాళ్లున్నారు. ఎప్పుడూ లేనిది విరామం తరువాత వస్తే అది కబురు. రెండోది ప్రాక్టీసు పరుగులు. ఆ 18 రోజుల్లో ఒక్కటే ఉంది, నాలుగు ఫర్లాంగులు 51 సెకన్ల పైన, ఆ ఉదయం అదే దూరం పరిగెత్తిన 44 గుర్రాల్లో 38వ స్థానం. వ్యాఖ్యలో "బయటికి వాలింది, నీరసించింది" అని. అంతకుముందు వరుసల్లో వాలడమన్న మాటే లేదు. నొప్పి ఉన్న కాలు మీద భారం పడకుండా గుర్రం తిన్నగా పరిగెత్తడం మానేస్తుంది.

తరువాత రేసు వీడియో తెప్పించుకున్నాను. పేజీతో పాటు రీప్లే చూడకుండా ఎవరూ డబ్బు పెట్టకూడదు, ఇది నా గట్టి అభిప్రాయం. అమెరికా ట్రాకుల్లో గుర్రాలు ఎడమచేతి వైపు తిరుగుతూ పరిగెడతాయి. మలుపులో ఎడమ ముందుకాలు ముందు వేస్తాయి, తిన్నటి దారిలోకి రాగానే కుడికాలికి మారతాయి, అప్పుడే అలసిన కాలికి కాస్త ఊపిరి దొరుకుతుంది. ఇది మారలేదు. చివరి వరకూ ఎడమకాలి మీదే లాక్కొచ్చింది. జాకీ ఒకసారి బరువు మార్చి అడిగాడు, అయినా మారలేదు. వీడియో ఆపి ఆపి చూశాను. నాకు కుడి ముందుకాలి మీద అనుమానం వచ్చింది. వీడియోలో చూసి రోగనిర్ణయం చేయలేం, ఏ డాక్టరైనా ఈ మాటే అంటాడు. కానీ ఇక్కడ అడుగుతున్నది రోగం పేరు కాదు, పదివేల డాలర్లు పెట్టాలా వద్దా అని.

మావాడికి మాటలతో చెబితే ఎక్కలేదు. సరే అని సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లి వీడియో కాల్ చేశాను. సబ్‌మెరైన్ మ్యూజియం ఇవతల పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పే అబ్బాయి ఒకడు నాకు తెలుసు. పొడుగుకాళ్ల గోధుమరంగు గుర్రం వాడిది. "ఏటి డాక్టరమ్మా, ఇటొచ్చినారు? దీని కాలే సూడాలి, ఇసకలో బాగానే నడస్తాది, రోడ్డెక్కితే కుంటతాది" అన్నాడు. నాకు కావలసింది అదే. పిల్లల్ని దింపించి, పేవ్‌మెంటు మీద తిన్నగా, నెమ్మది దౌడులో నా వైపు తీసుకురమ్మన్నాను. కళ్లెం వదులుగా పట్టుకోమన్నాను, బిగిస్తే తల కదలదు.

"తల చూడరా, కాళ్లు చూడకు" అన్నాను మావాడితో. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం, ఆ కాలు నేల తాకేటప్పుడు తల పైకెత్తుతుంది. బాగున్న కాలు పడేటప్పుడు తల కిందికి దించుతుంది. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది కాబట్టి తలతో ఆ భారం తప్పించుకుంటుంది. గోధుమరంగు గుర్రం ఎడమ గిట్ట పడ్డప్పుడల్లా తల ఎత్తింది. "కనిపించింది పిన్నీ!" అని అక్కడ అరిచాడు. ఇసుకలోకి దింపితే ఆ ఊపు సగం తగ్గిపోయింది. గిట్టలోనో ఎముకలోనో నొప్పైతే గట్టి నేల మీద బయటపడుతుంది, మెత్తటి నేల మీద దాక్కుంటుంది. కండరానికి, దాన్ని ఎముకకు కలిపే టెండన్‌కి సంబంధించిందైతే తరచూ దీనికి తిరగబడి ఉంటుంది. రేసు ట్రాకు మెత్తటి నేల. పాడక్‌కి నడిచొచ్చే దారిలో గట్టి నేల తగిలేచోట నిలబడి చూడమని వాడికి చెప్పింది ఇందుకే. ఇక్కడి గుర్రానికి గిట్ట అడుగున లాడం మేకు ఒకటి లోపలికి నాటుకుని ఉంది. అది తీయించి నాలుగు రోజులు తిప్పకుండా ఉంచమని చెప్పి వచ్చాను, వాడు ఉంచాడు.

మావాడు అంత సులువుగా వదల్లేదు. "రిచ్ స్ట్రైక్ సంగతేంటి పిన్నీ? ముప్పై వేలకు క్లెయిమ్ చేస్తే కెంటకీ డెర్బీ గెలిచింది!" అన్నాడు. ఈ మాట క్లెయిమింగ్ గురించి మాట్లాడే ప్రతివాడి నోటా వస్తుంది, కాబట్టి దీనికి జవాబు చెప్పుకోవాలి. 2021 సెప్టెంబరులో చర్చిల్ డౌన్స్‌లో ముప్పై వేలకు రిచ్ స్ట్రైక్‌ని క్లెయిమ్ చేశారు, 2022 మేలో గెలిస్తే ఒకటికి ఎనభై ఇస్తామన్నంత ఆశ లేని గుర్రంగా దిగి, అమెరికాలో అన్నిటికన్నా పేరున్న ఆ డెర్బీ పందెం గెలిచింది. నిజమే. కానీ క్లెయిమ్ చేసిన రోజున దానికి రెండేళ్లు. ఆ రోజే పదిహేడు లెంగ్తుల తేడాతో గెలిచింది, లెంగ్తంటే ఒక గుర్రం పొడవు. పాతకాలపు స్టైమీని చూడండి, 1943లో 1,500 డాలర్లకు క్లెయిమ్ చేస్తే తొమ్మిది లక్షల డాలర్లు దాటి సంపాదించింది. అదీ అప్పుడు రెండేళ్లదే. 2004లో యాభై వేలకు క్లెయిమ్ చేసిన లావా మ్యాన్‌కి మూడేళ్లు, తరువాత హాలీవుడ్ గోల్డ్ కప్ అనే పెద్ద పందెం మూడుసార్లు గెలిచింది. ఈ కథలన్నీ పసిగుర్రాలవి, వాటి పేజీలు అప్పటికి ఇంకా నిండలేదు. ఈ ఐదేళ్ల గుర్రం పేజీ 31 పరుగుల తరువాత నిండిపోయి ఉంది, ఇటీవలి వరుసల్లో అంకెలు దిగుతూ వస్తున్నాయి. ఖాళీ పేజీ మీద ఆశ పెట్టుకోవచ్చు. నిండిన పేజీని చదవాలి.

లెక్క కూడా వేసి చూపించాను. వాళ్ల ట్రైనర్ రోజుకు 90 డాలర్లు తీసుకుంటాడు, నెలకు 2,700. లాడాలు, డాక్టరు, రవాణా కలిపి నెలకు 3,500 దాకా. కొన్న ధర మీద పన్ను వేరే. ఆ స్థాయి రేసుకు పర్స్, అంటే మొత్తం బహుమతి డబ్బు, 16,000 అనుకుంటే, గెలిచిన గుర్రానికి 60 శాతం, అంటే 9,600. అందులో ట్రైనర్‌కి, జాకీకి పదేసి శాతం పోతే 7,680. అంటే ఒక గెలుపు రెండు నెలలు పోషిస్తుంది. మూడు నెలలు కొట్టంలో నిలబడిపోయే గుర్రం, గెలిచే సత్తా ఎంత ఉన్నా, నలుగురు ఉద్యోగస్తుల జేబు ఖాళీ చేస్తుంది. పైగా క్లెయిమ్ చేశాక చాలా రాష్ట్రాల్లో 30 రోజుల పాటు అంతకంటే తక్కువ ధరకు దింపనివ్వరు. ‘పొరపాటైంది, అమ్మేద్దాం’ అనుకున్నా వెంటనే కుదరదు.

కొనేవాడికి కాపలాగా ఒక రూలు ఉంది, అది చాలామందికి తెలియదు. 2022 జులై 1 నుంచి హైసా అనే జాతీయ సంస్థ రేసు ట్రాకు భద్రతా నియమాలు అమల్లోకి తెచ్చింది. దాని ప్రకారం క్లెయిమ్ అయిన గుర్రం ట్రాకు మీదే చనిపోయినా, బండిలో ఎక్కించి తీసుకెళ్లాల్సి వచ్చినా, రేసు అయిన గంటలోపు అధికారిక డాక్టరు పరీక్షించి కుంటుతోందనో ముక్కునుంచి రక్తం వచ్చిందనో జాబితాలో చేర్చినా క్లెయిమ్ రద్దు. గుర్రం పాతవాడి దగ్గరే ఉంటుంది. ‘అలాంటివి తేలినా పరవాలేదు, గుర్రం నాకే కావాలి’ అని ముందే ఒప్పుకునే వీలు కూడా ఉంది. దాని జోలికి పోవద్దని మావాడికి గట్టిగా చెప్పాను. ఈ రూలు గుర్రానికి కూడా మేలు చేసింది, చెడిపోయిన కాలును ఇంకొకడి నెత్తిన రుద్దుదామని దింపేవాడికి ఇప్పుడు దారి మూసుకుపోయింది. అయితే ఆ గంటలో దొరికేవే ఇందులోకి వస్తాయి. టెండన్ వేడెక్కడం తరచూ మర్నాడు పొద్దున గానీ చేతికి తెలియదు. అది మీ ఖాతాలోదే.

చివరికి మావాళ్లు చీటీ వెయ్యలేదు. ఆ రేసు మనకు రాత్రి ఒంటిగంటన్నరకు. గుర్రం గెలిచింది, రెండు లెంగ్తుల తేడాతో. ఇంకెవరో చీటీ వేసి తీసుకెళ్లారు, డాక్టరు పరీక్షలోనూ ఆ క్లెయిమ్ రద్దు కాలేదు. మావాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నా మాట నేను మార్చుకోలేదు. దిగువ స్థాయి గుర్రాల మధ్య ఆ ఒక్క రోజు గెలవగలదని పేజీయే చెప్పింది, 84 ఊరికే రాదు. ఆ గెలుపు డబ్బు ఎలాగూ పాతవాడికే పోయింది. మనం అడిగింది ఆ తరువాతి ఆరు నెలల గురించి. రేసుల సమాచారం ఇచ్చే ఈక్విబేస్ వాళ్ల వర్చువల్ స్టేబుల్‌లో దాని పేరు పెట్టుకున్నాను. గుర్రం ప్రాక్టీసు చేసినా, ఏదైనా రేసుకు పేరిచ్చినా ఈమెయిల్ వస్తుంది. ఇది రాసేనాటికి ఒక్కటీ రాలేదు. దానికి కాలు పోయిందని నేను అనను, విశ్రాంతి ఇస్తున్నారేమో. బాగుండాలనే కోరుకుంటాను.

డబ్బు తీసుకుని ‘ఈ గుర్రాన్ని క్లెయిమ్ చేయండి’ అని చెప్పే సర్వీసులు కూడా ఉన్నాయి. మావాడు ఒకదానికి కొన్ని నెలలు చందా కట్టాడు, పేరు అనవసరం. వాళ్లు పంపేది వేగం అంకెలు పెద్దవి ఉన్న గుర్రాల పట్టిక. ఎందుకు దించారన్న ప్రశ్నే అందులో లేదు. ఆ చందా మాన్పించి, అదే డబ్బుతో ఈ పేజీలు కొనుక్కోమన్నాను.

తరువాత వాళ్లు తీసుకున్నది నాలుగేళ్ల ఆడగుర్రం. ఆ పేజీ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, మావాడికి మాత్రం నీరసమొచ్చింది. బేయర్లు 64, 66, 63, 67, 65. ఎప్పుడూ పదివేల రేసే, పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. మూడు నాలుగు వారాలకొకసారి తప్పకుండా పరిగెత్తింది, అడ్డగీత ఒక్కటీ లేదు. ముందుకాళ్లకు పట్టీల్లేవు. వ్యాఖ్యలు "మధ్యలో ఇరుక్కుంది", "చివర్లో పుంజుకుంది" అని. రీప్లేలో తిన్నటి దారిలోకి రాగానే ఎవరూ అడగకుండానే కాలు మార్చింది. ఎందుకు అమ్ముతున్నాడంటే, ఆ స్థాయి గుర్రానికి పరిగెత్తడానికి అదే రేసు, కొత్తగా దించిందేమీ లేదు. పాడక్‌లో మావాడు ముందునుంచి, పక్కనుంచి నడక వీడియో తీసి పంపాడు. తల నిలకడగా ఉంది, నాలుగు గిట్టలూ సమానంగా పడుతున్నాయి. "వెయ్యి నాన్నా" అన్నాను. మూడు చీటీలు పడ్డాయి, లాటరీలో వీళ్లది వచ్చింది.

మర్నాడు పొద్దున ట్రైనర్ పట్టీలు విప్పి కాళ్లు నిమిరి చూసి, చల్లగా ఉన్నాయని చెప్పించాడు. నేను అడిగించిన ఇంకో ప్రశ్నకు కూడా జవాబు రాయించుకున్నాను: ఇది ఇక పరిగెత్తలేని రోజు వస్తే ఎక్కడికి పంపుతారు? థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ గుర్తింపు ఉన్న ఆశ్రమాలు అక్కడ ఉన్నాయి. నలుగురూ సంతకం పెట్టి, గెలిచిన ప్రతిసారీ కొంత దానికోసం పక్కన పెడతామని రాసుకున్నారు. ఆ కాగితం లేకపోతే నేను ఏ పేజీ చదవనని ముందే చెప్పాను.

పేజీ కొనేవాళ్లకు నా మాట: బేయర్ అంకె మీదికి కన్ను పోకముందే తేదీలు తీసివేయండి, ధరల వరుస కింద నుంచి పైకి చదవండి, ‘ఎఫ్’ ఎప్పుడు మొదలైందో వెతకండి, ప్రాక్టీసులు లెక్కపెట్టండి. అప్పటికీ గుర్రం నిలబడితే రీప్లే పెట్టండి. ఒక మార్కు తగ్గించింది పత్రికను తప్పుపట్టి కాదు, గుర్రం కాలు ఏ కాగితం మీదా చేతికి తగలదు కాబట్టి. మావాళ్ల ఆడగుర్రం కొత్త యజమానుల రంగుల్లో మొదటిసారి కాస్త ఎక్కువ ధర రేసులో పరిగెత్తి నాలుగో స్థానంలో వచ్చింది, 66 బేయర్. తరువాతి రేసు మళ్లీ పదివేలకు. చీటీలు పడే ప్రమాదం ఈసారి మావాళ్లకే.